వాకిట్లో కుర్చీలు

ఎఫిమియా పిన్నికి,

మీ ద్వీపం నుంచి క్షేమంగా ఏథెన్స్ చేరాం. సెలవుల్లో ఆఖరి రోజని, పొద్దున్నే తువ్వాళ్లు భుజాన వేసుకుని మీరు అద్దెకిచ్చిన గదిలోంచి బయటికొచ్చేసరికి, మీరు వాకిలి కడిగి కుర్చీలు వేస్తున్నారు.

"సముద్రానికేనా?" అన్నారు.

"ఇవాళొక్కరోజేగా పిన్నీ!"

"వెళ్లండమ్మా, నీళ్లు బాగున్నాయి."

కుర్చీల మధ్యనుంచే దాటి వెళ్లి, సాయంత్రందాకా ఇసుకలో దొర్లాం. తిరిగొచ్చేసరికి కుర్చీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. మీరు పళ్లెం నిండా రవ్వ కేకు కట్టిచ్చారు. "ఇంతెందుకు?" అంటే, "ఓడలో ఆకలేస్తుంది, మాట్లాడకుండా తీసుకెళ్లు" అని కసిరారు.

ఓడలో పక్కావిడ ఫోనులో ఇంకెవరో ఎఫిమియాతో అరుస్తోంది: "ఎఫిమియా, ఇవాళ నీ పేరున్న పునీతురాలి పండగ కదే! నిండు నూరేళ్లు బతుకు!"

పేరు పండక్కి మన గ్రీకుల్లో ఎవరూ ఎవరినీ పిలవరు. తలుపు తీసి కూర్చుంటారు, తెలిసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. బాబాయి పోయాక పండగలే చేయలేదని మొన్న మీరే అన్నారు; మీరు తలుపు తీసింది ఇదే మొదటిసారన్నమాట.

పళ్లెం విప్పి చూశాను. ఒక్క ముక్కా కోసి లేదు.

పిన్నీ, మాకిచ్చింది రెండో పళ్లెమనీ, మొదటిది వచ్చినవాళ్లు ఊడ్చేశారనీ ఒక్క ముక్క రాయండి. అబద్ధమైనా నమ్ముతాను.

మీ గదిలో దిగిన అమ్మాయి