లింబయ్య వేసిన ముడి

2 డిసెంబర్ 2024, సోమవారం

డాక్టర్ రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. వేళ్లు ఎప్పుడు తెల్లబడుతున్నాయి, ఎంతసేపు, అప్పుడు ఏ పనిలో ఉన్నాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

పొద్దున ఏడు నుంచి ఏడున్నర. కుడిచేయి మూడు వేళ్లు. చన్నీళ్లు తగిలాక. సూదితో గుచ్చుకున్నా తెలియలేదు.

పంతొమ్మిదేళ్లు చెట్ల మీద చైన్ సా పట్టినందుకట. మిషన్ వణుకుకు వేళ్లలో నరాలు, రక్తనాళాలు దెబ్బతిన్నాయట. ఇక దాన్ని ముట్టుకోవద్దన్నాడు. మరి నేనేం చేయాలి సార్ అని అడిగితే టాబ్లెట్లు రాశాడు.

5 డిసెంబర్

లింబయ్యకు మోకాలు నొప్పని చెప్పాను. వేళ్ల సంగతి చెప్పలేదు.

పన్నెండేళ్లుగా మా పని ఒకటే తీరు. నేను బెల్టు కట్టుకొని చెట్టెక్కి కొమ్మలు కోస్తాను. లింబయ్య కింద తాడు పట్టి, తెగిన కొమ్మను మెల్లగా దించుతాడు. అతని భార్య గంగవ్వ ఆకూ పుల్లా లాగి కుప్ప వేస్తుంది. నిజామాబాద్ నుంచి బోధన్, వర్ని దాకా ఇంటి మీదికి చెట్టు వాలిందంటే మమ్మల్నే పిలుస్తారు.

ఇక నువ్వు ఎక్కు, తాడు నేను పడతానన్నాను. లింబయ్య సంబరపడ్డాడు. నాకు ఎప్పటిసంది మనసుండె పాల్ అన్నా, నువ్వు కింద నిమ్మలంగ ఉండు, నేను జూస్కుంట అన్నాడు. గంగవ్వకే నచ్చలేదు. గీ వయసుల గీ కోతి ఏశాలు ఎందుకు అంది.

11 డిసెంబర్

వర్నిలో రెండు చెట్లు. ఏ ఇబ్బందీ రాలేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటే ఐదు వేళ్లూ తెల్లబడ్డాయి. ఎడమ చేయి కూడా మొదలైంది.

17 డిసెంబర్

రాయలేను.

19 డిసెంబర్

గంగవ్వను సాగనంపి వచ్చాం. ఊరంతా కదిలింది. లింబయ్య ఎవరు పట్టుకుంటే వాళ్ల వెంట నడిచాడు.

20 డిసెంబర్, మధ్యాహ్నం

డాక్టర్ చెప్పిన ప్రకారం ఇది కూడా రాయాలి.

పదిహేడో తారీఖు, ఉదయం ఎనిమిదిన్నర. రుద్రూర్‌లో మల్లికార్జున్ అనే రైతు ఇంటి వెనుక పెద్ద నిద్రగన్నేరు. ఒక కొమ్మ పశువుల కొట్టం మీదికి పోయింది. చుట్టూ చెరుకు తోటలు మంచుకు తడిసి ఉన్నాయి. లింబయ్య పైన. కొమ్మకు తాడు ముడి వేసి, రెండో కొసను పై పంగలోంచి నాకు వదిలాడు. బరువు చేతుల మీద పడకుండా దాన్ని చెట్టు మొదలుకు రెండు చుట్లు తిప్పి పట్టుకోవాలి. వేళ్లు మాట వినలేదు. ఒకటే చుట్టు తిప్పాను.

కొమ్మ తెగింది. ఒకసారి ఊగి, కొట్టం కప్పంత ఎత్తులో ఆగింది. నేనే ఆపాను. కింద రాలిన రెమ్మలు లాగడానికి గంగవ్వ దాని కిందికి వచ్చింది. జరుగమని నేను అనలేదు. పన్నెండేళ్లుగా ఆమె వేలాడే కొమ్మల కింద అట్లాగే తిరిగేది, తాడు మొగుడి చేతిలో ఉంటుంది కాబట్టి. ఆ రోజు నా చేతిలో ఉంది.

తాడు జారుతున్నట్టు చేతికి తెలియలేదు. కళ్లతో చూస్తే తెలిసింది. వేళ్లు సుద్దముక్కల్లా ఉన్నాయి.

ఆమె మీది నుంచి కొమ్మను దొర్లించాలంటే తాడు విప్పాలి. వేళ్లతో రాలేదు. పళ్లతో విప్పాను. ముడి రాయిలా బిగిసి ఉంది. లింబయ్య వేసిన ముడి వెంట్రుకంత కూడా జారలేదు. అది నాకొక్కడికే తెలుసు.

అతను దిగి వచ్చేసరికి తాడు ఖాళీగా పడి ఉంది. గంగవ్వను చూశాడు, తాడును చూశాడు. నా ముడే ఊడింది, నేనే సంపిన అన్నాడు. మల్లికార్జున్‌తో అదే అన్నాడు. పోలీసులతో అదే అన్నాడు. గంగవ్వ అన్నదమ్ముల కాళ్ల మీద పడి అదే అన్నాడు.

అన్నిసార్లూ నేను పక్కనే ఉన్నాను.

25 డిసెంబర్

చర్చికి పోలేదు. జ్వరమని నా భార్య ఆశాకు చెప్పాను. ఆమె ఒక్కతే పోయి వచ్చింది.

28 డిసెంబర్

లింబయ్య కూతురు సంజన వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం. బాపు పొద్దంత కిటికీ ఊచలకు తాడు గడుతుండు అంకుల్, బలమంత వెట్టి గుంజుతుండు, ఊడుతలేదు, మల్ల ఇప్పి మల్ల గడుతుండు అంది. తిండి లేదట. నువ్వు చెప్పి చూడమ్మా అంది ఆశా. నాకు బాపుతోని మాట్లాడ బుద్దయితలేదు ఆంటీ, అమ్మ పోయిన కాన్నుంచి ఒక్క మాట మాట్లాడలె అంది.

ఆశా టీ ఇచ్చింది. నేను బస్సు దాకా పోయి ఎక్కించి వచ్చాను.

30 డిసెంబర్, సాయంత్రం

చెప్పాను.

లింబయ్య కిటికీ దగ్గరే ఉన్నాడు. వేళ్లు, ఒకటే చుట్టు, పళ్లతో ముడి విప్పడం, అన్నీ చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. తాడు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ముడి ఊడలె? అని అడిగాడు. ఊడలేదు అన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. నాలుగుసార్లు అట్లాగే. తర్వాత, పో పాల్ అన్నా అన్నాడు.

ఇంటికొచ్చి ఆశాకు కూడా చెప్పాను. పొయ్యి ఆర్పేసి లోపలికి పోయింది.

1 జనవరి 2025

లింబయ్య సంజనను వెంటబెట్టుకొని వచ్చాడు. గడప దాటలేదు. నాకు జెప్పినట్టే పిల్లకు జెప్పు అన్నాడు. చెప్పాను. విన్నంతసేపు ఆ పిల్ల నా చేతులే చూసింది. మోకాలు నొప్పని ఎందుకు జెప్పినవ్ అని అడిగింది. చేతులు పోయినయని తెలిస్తే ఎవ్వరూ పనికి పిలువరని అన్నాను. అంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు. గిదే మాట స్టేషన్ల రాసియ్యి అంది. ఇస్తానన్నాను.

అప్పటికే లింబయ్య మెట్టు మీద కూలబడ్డాడు. సంజన వంగి చెయ్యి పట్టింది. లే బాపు, ఇంటికి పోదాం, అన్నం తిందువు అంది. అప్పుడు ఏడ్చాడు లింబయ్య. గంగవ్వను తీసుకుపోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు. సందు మలుపు తిరిగేదాకా ఆ పిల్ల చెయ్యి వదలలేదు.

3 జనవరి, ఉదయం తొమ్మిది

పదింటికి స్టేషన్‌కు పోవాలి. ఆశా ఇంకా నాతో మాట్లాడడం లేదు. నా అంగీ గుండీలు మాత్రం తనే పెట్టింది.