ఇమ్తియాజ్ పేరు మీద నా పని

జూలై 1, ఉదయం 9.00
ఈరోజు నుంచి రోజూ రాసిన కోడ్‌ను సాయంత్రం ఆరు లోపు, నా పేరు మీదే కంపెనీ కోడ్ అంతా ఉండే రిపోలోకి ఎక్కిస్తాను, అంటే పుష్ చేస్తాను. ఇదే కంపెనీలో పనిచేసే మా అన్న ఇమ్తియాజ్ లాగిన్ ముట్టుకోను. ఒట్టు! నెలాఖరుకు నా పేరు మీద పని కనిపిస్తేనే ఉద్యోగం ఖాయం. గిద్దలూరులో మా ఇంట్లో కూర్చుని హైదరాబాద్ ఉద్యోగం! ఎవరు వదులుకుంటారు?

సా. 5.50
పుష్ చేశాను. పర్మిషన్ లేదంది. పర్లేదు, మొదటిరోజే కదా.

జూలై 2
అడ్మిన్‌ను అడిగాను. ఓటీపీ కొడితేనే నా అకౌంట్ ఖరారవుతుందట. అది మా నాన్న, అబ్బా ఫోన్‌కు పోతుంది. గ్యాస్ బుక్ నుంచి రేషన్ కార్డు దాకా మా ఇంట్లో అందరికీ అబ్బా నంబరే. ఉద్యోగంలో చేరేటప్పుడు కూడా అలవాటుగా అదే రాశాను. అబ్బా వారమంతా మార్కాపురంలో, పలకల దుకాణంలో ఉంటాడు. ఫోన్ చేశాను.

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకోళ్లు చెప్పినారు. కూతురికి చెప్పొచ్చని చెప్పలేదు గదా," అని పెట్టేశాడు.

సా. 5.58
ఈ ఒక్కరోజుకు అన్న లాగిన్. లాప్‌టాప్ ఆయన పాతదే, లాగిన్ అందులోనే ఉంది. నేను వాడలేదు, ఉన్నదాన్ని తీయలేదంతే.

జూలై 6, ఆదివారం
అబ్బా ఇంట్లోనే. ఫోనూ ఇంట్లోనే. కానీ ఆదివారం ఎవరైనా పనిచేస్తారా? పడుకున్నాను.

జూలై 18
అన్న లాగిన్‌తో పుష్: పద్నాలుగు.
నా పేరు మీద: సున్నా.
పని జరుగుతోంది కదా, పేరుదేముంది?

జూలై 31
ఆన్‌లైన్ మీటింగ్. ఈ నెల ఉత్తమ ఉద్యోగి ఇమ్తియాజ్! అందులో పది రోజులు అన్న సెలవులో ఉన్నాడు. నా పేరు ఎదురుగా 'పని లేదు'. అది తన పని కాదు, చెల్లెలిదని అన్న అందరి ముందే చెప్పాడు. రికార్డులో ఉన్నదే లెక్క అన్నాడు మేనేజర్. నాకు ఇంకొక్క నెల గడువు. కెమెరా ఆపేసి ఏడ్చాను.

ఆగస్టు 1
బస్సెక్కి మార్కాపురం వెళ్లాను. దుకాణంలో పలకల కట్టల మీద కూర్చుని అబ్బాకు జరిగిందంతా చెప్పాను. తన పేరు రాసున్న దుకాణం బోర్డు చూపించాడు.

"ఆ బోర్డు మీద నా పేరు చెరిపి మీ చిన్నాన్న పేరు రాస్తే నేను ఊరకుంటానా? ముందే ఎందుకు చెప్పలేదు నువ్వు?"

ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఓటీపీ కొట్టాను. పర్మిషన్ వచ్చింది.

ఆగస్టు 4, సా. 5.52
నా పేరు మీద మొదటి పుష్! ఒకే ఒక్క లైను.

ఆగస్టు 5
ఆ లైనులో తప్పుంది. పొద్దున్నుంచి అందరి పనీ ఆగిపోయింది. ఇది తబస్సుమ్ పనేనా అని మేనేజర్ గ్రూపులో అడిగాడు. నా పనే సార్ అని రాశాను.

ఈరోజు నుంచి రోజూ, ఆరు లోపు, నా పేరు మీదే. తప్పయినా సరే.