కొబ్బరి నీళ్లకీ పరీక్ష

మంగళవారం, అమలాపురం

ఆ మేనేజరు మొహం తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. జనాన్ని భయపెట్టకపోతే నీటి ఫిల్టర్లు అమ్ముడుపోవట. అందుకని ప్రతి ఇంట్లోనూ గ్లాసుడు కుళాయి నీళ్లలో ఇనప కడ్డీలు పెట్టి కరెంటివ్వాలి. నిజానికి కరిగేది ఆ ఇనుమే. నీళ్లు తుప్పురంగుకి తిరగగానే, "చూశారా, మీరు తాగుతున్న విషం" అనాలి.

ఇవాళ అంబాజీపేటలో ఒకావిడ నన్ను కూర్చోబెట్టి ముందు కొబ్బరి నీళ్లిచ్చారు. నా తమాషా అంతా చూశాక, "మరి ఈ నీళ్లలోనూ పెట్టండి బాబూ" అన్నారు. పెట్టక తప్పలేదు. కుళాయి నీళ్లకంటే అవే నల్లబడ్డాయి.

"అయితే మా చంటిపిల్లలకి కూడా విషమే పట్టేమంటారా అండీ?" అన్నారావిడ, నవ్వకుండా.

ఫోన్లో చెబితే మేనేజరు, "కొబ్బరిచెట్లు లేని ఇళ్లకి పోవయ్యా!" అని అరిచాడు. కోనసీమలో! వెధవ, ఎప్పుడైనా ఆఫీసు కిటికీ తెరిచి చూశాడా?

వాడి సంగతి పోనీ, నామీద నాకే అసహ్యం వేస్తోంది. కడ్డీలు తుడుచుకుంటుంటే ఆవిడే జాలిపడి, "మా మరిదిగారి కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబుకి మనిషి కావాలన్నారు. పర్మినెంటేనండి. మీరేం చదువుకున్నారు?" అని అడిగారు.

కెమిస్ట్రీ డిగ్రీ పట్టుకుని ఇన్నాళ్లూ తిరుగుతున్నది అలాంటి ఉద్యోగం కోసమే. కానీ ఆ మాట చెబితే, అంతా తెలిసే ఆవిణ్ణి మోసం చేయబోయానని ఒప్పుకున్నట్టే.

"ఇంటర్ తప్పేనండి" అన్నాను.