మట్టి గుడ్ల ఈస్టర్

సలోమీ తల్లీ,

నువ్వు పోయాక మొదటి ఈస్టర్ ఇది. దాచిన గుడ్లను చర్చి పిల్లలు వెతికే ఆట మన పెరట్లోనే పెట్టాం. దాచినవాటిలో కోడిగుడ్డు ఒక్కటీ లేదు. మీ నాన్నే బూర్గంపాడు దగ్గర గోదావరి బంకమట్టి తెచ్చి, గుడ్లు చేసి, మోదుగుపూల రంగు పూశాడు.

"గుడ్డు కోడిది, పాలు దూడవి. నాకొద్దు" అనేదానివి. దవాఖానాలో డాక్టర్ రోజూ గుడ్డు పెట్టమన్నా మొహం తిప్పుకున్నావు.

పిల్లలు మట్టి గుడ్లన్నీ వెతుక్కుని, నెయ్యి తగలని పల్లీ ఉండలు తిని వెళ్లిపోయారు. మీ నాన్న అరుగు మీద కూలబడ్డాడు.

"ఒక్కటన్న తింటే బతికేదేమోనే."

"గట్లనకయ్యా. గుడ్డుతోని తగ్గే రోగమా అది?" అన్నాను.

అన్నానే గానీ, మన కోడి గుడ్డు పెట్టి అరిచినప్పుడల్లా నాకూ అదే అనిపిస్తుంది.

అమ్మ