మనిషి దొరకలేదు

4-12-1968, బుధవారం

అమ్మకి,

నీ చిన్నతల్లి నమస్కారం పెట్టి రాస్తున్నది.

ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. ఈ నెల పన్నెండో తేదీలోగా నేను ఆఫీసుకి ఒక సంజాయిషీ రాసివ్వాలి. నేను చేసిన తప్పేమిటో ఆ కాగితం చూసే ఆఫీసర్లకంటే ముందు నీకు తెలియాలి. ఇంకో కారణం కూడా ఉంది. టెలిఫోన్‌లో నీతో మాట్లాడిన ఆవిడకి ఇమ్మని నువ్వు పంపిన మూట మొన్న సోమవారం నాకు చేరింది. అది నా ట్రంకుపెట్టె మీద ఉంది. దాన్ని చూస్తూ ఇంకొక రోజు గడపలేను.

మహాలక్ష్మమ్మ టీచరుగారూ, మీకు ఒక విన్నపం. ఈ ఉత్తరం మా అమ్మకి వీధి అరుగు మీద కాకుండా ఇంటిలోపల కూర్చుని చదివి వినిపించండి. కానీ ఒక్క మాట కూడా వదలకండి. మీరు నాకు అక్షరాలు దిద్దించారు. వాటితో నేను రాసిన ఈ సంగతి మీ నోటితోనే చదవవలసి రావడం నాకు చాలా సిగ్గుగా ఉంది. అయినా ఆ సిగ్గు నేను పడవలసిందే. ఎందుకో మీకు చివరికి తెలుస్తుంది.

అమ్మా, నా పని ఎలా ఉంటుందో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. గోడంత చెక్క బోర్డు ఉంటుంది. దాని నిండా బెజ్జాలు. ఒక్కొక్క బెజ్జం ఒక్కొక్క టెలిఫోను. ఎవరైనా ఫోను తిప్పితే ఆ బెజ్జం మీది చిన్న రేకు టప్పున పడుతుంది. నేను తాడు తీసి అందులో గుచ్చి, "నంబర్ ప్లీజ్" అంటాను. వాళ్ళడిగిన బెజ్జంలో తాడు రెండో కొస గుచ్చుతాను. నీ రాట్నం దగ్గర తెగిన పోగు అతికినట్టే, ఇక్కడ మనిషికీ మనిషికీ అతుకు వేస్తాను. మొదటి రోజు ఇది చూసి మా అమ్మ పనే నాకూ వచ్చిందనుకుని ఎంతో మురిసిపోయాను. ఆ మురిపెం వారం నిలవలేదు.

ట్రైనింగులో ఇరవైమందిమి. నా వంతు వచ్చినప్పుడు "సెప్పండి" అన్నాను. గది గదంతా నవ్వింది. నేర్పే ఆయన నన్ను నిలబెట్టి నలభైసార్లు "చెప్పండి" అనిపించాడు. ఆ రోజు నుంచి స్నానాల గదిలో బకెట్టులోకి మొహం వంచి కొత్త గొంతు సాధన చేశాను. నెల తిరిగేసరికి వచ్చేసింది. సన్నగా, నిదానంగా, ఏ ఊరిదో తెలియని గొంతు. "ఏటి" లేదు, "నేదు" లేదు. ఆ గొంతుతో నేను ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. అప్పటికి నువ్వు దాన్ని విననే లేదు.

ఇక్కడ చేరాక కన్యాకుమారి నాకు స్నేహితురాలయింది. నా పక్క సీటు, నాకంటే నాలుగేళ్ళు సీనియరు. చెడ్డమనిషి కాదు. ఇక్కడ ఒక అలవాటు ఉంది. పల్లెటూళ్ళ పోస్టాఫీసుల నుంచి మొదటిసారి ఫోను పట్టుకున్నవాళ్ళు గట్టిగా అరుస్తారు, టెలిఫోనుకి దండం పెడతారు, కనబడని మనిషిని కూర్చోమంటారు. అలాంటి ఫోను కాలు తగిలితే, తగిలినవాళ్ళు రెండు వేళ్ళు పైకెత్తుతారు. పక్కవాళ్ళు తమ తాళ్ళు కూడా ఆ లైనుకి గుచ్చి వింటారు. ఇంకొకరి మాటలు వినడం మా ఉద్యోగంలో పెద్ద తప్పు. అయినా మధ్యాహ్నాలు పని తక్కువైనప్పుడు అది జరుగుతూనే ఉండేది. విన్నాక వాళ్ళలా మాట్లాడి చూపించాలి. అందులో నన్ను మించినవాళ్ళు లేరు. "ఒలే సిన్నతల్లీ, ఇంకోపాలి అనవే!" అని కన్యాకుమారి నా మాటలే నాకు వంకరగా అప్పజెప్పి పొట్ట పట్టుకునేది. నేను అనేదాన్ని. అందరూ నవ్వేవారు. నన్ను చూసి నవ్విన నవ్వుకి, నేను నవ్వించిన నవ్వుకి చాలా తేడా ఉంటుందమ్మా. ఆ తేడా కోసం మన ఊరివాళ్ళందరినీ అమ్ముకున్నాను.

నవంబరు పంతొమ్మిది, మంగళవారం, మూడు గంటలకి పొందూరు రేకు పడింది. పోస్టుమాస్టరుగారు పి.పి. కాలు అన్నారు. అంటే నంబరు కాక మనిషి పేరు చెప్పి పిలిపించుకునే కాలు. "మీ దగ్గర పనిచేసే బి. చిన్నతల్లి కావాలట. మాట్లాడేది ఒక పెద్దావిడ, కాస్త అరుస్తుంది, ఏమీ అనుకోకండి" అన్నారు. ప్రతి కాలుకీ రాసే టిక్కెట్టు మీద నా పేరు నేనే రాసుకున్నాను. మన వీధిలో ఎవరో అనుకున్నాను. అనుకుని, అలవాటు చొప్పున, రెండు వేళ్ళు పైకెత్తాను.

అప్పుడు నీ గొంతు వచ్చింది.

"ఓలమ్మా, ఇదేటి బాబూ, ఈ గొట్టంలోకి అరవాలా? ఎవులు తల్లీ అక్కడ? సల్లగుండాల. మా సిన్నతల్లుందా?"

ఇటుపక్క కన్యాకుమారి, అటుపక్క ఇంకో ఇద్దరు, చెంగులు నోట్లో కుక్కుకుని నా వైపు చూస్తున్నారు. "అమ్మా, నేనే" అంటే సరిపోయేది. రెండు మాటలు. నేను ఆ కొత్త గొంతుతో, "ఆమె ఇప్పుడు డ్యూటీలో లేరండీ" అన్నాను.

"నేదా? అయితే నువ్వే సెప్పమ్మా దానికి. పొందూరు దాలమ్మ సేసిందని సెప్పు, తెలుస్తాది. నాకు కళ్ళు ఆనట్లేదని సెప్పు తల్లీ. ఎవులికీ సెప్పనేదు. మా ఇంటాయనకీ సెప్పనేదు. నూలు కనబడదు. సేత్తో తడుముకుని వడుకుతన్నాను. మొన్న ఖద్దరు సంఘంలో నా నూలు సిలప తిప్పికొట్టీసినారు, అన్నీ ముడులేనని. ముప్పైయేళ్ళలో ఎప్పుడూ తిప్పనేదమ్మా..."

మొదట గొట్టం మాటకి నవ్వినవాళ్ళు ఇక్కడికి వచ్చేసరికి ఆగిపోయారు. కన్యాకుమారి మెల్లగా తన తాడు లాగేసుకుంది. మిగతా ఇద్దరూ లాగేసుకున్నారు. ఇంక లైనులో నువ్వూ నేనే ఉన్నాం. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. ముందొక అబద్ధం ఆడేశాను గనక దాని వెనకే నడిచాను. "ఇజీనారంలో కళ్ళ డాక్టర్లొస్తారంట, ఎప్పుడో కనుక్కోమను, నన్ను బేగి..." అని నువ్వంటుండగానే, "మూడు నిమిషాలు అయిపోయాయండీ" అని తాడు లాగేశాను. నిజానికి మూడు నిమిషాలు అవలేదమ్మా. గడియారం నా ఎదురుగానే ఉంది.

"పాపం, ఎవరే ఆవిడ?" అంది కన్యాకుమారి.

"మా ఊళ్ళో నూలు వడికే మనిషి" అన్నాను.

"మరి మాట్లాడొచ్చు కదే!"

"డ్యూటీలో సొంత మాటలు కూడదు కదా."

టిక్కెట్టు మీద "మనిషి దొరకలేదు" అని రాసి, కింద నా పొడి సంతకం పెట్టాను.

మర్నాడు నీకు ఉత్తరం రాశాను. ఎవరో మంచి ఆవిడ నీ మాటలన్నీ నాకు చెప్పిందనీ, నేను లేకపోవడం వల్ల మాట్లాడలేకపోయాననీ రాశాను. కళ్ళ డాక్టర్ల సంగతి కనుక్కుంటానన్నాను. ఆ ఉత్తరం పోస్టులో వేసి వచ్చి కడుపునిండా అన్నం తిన్నాను. అది తలుచుకుంటేనే ఇప్పుడు నాకు ఎక్కువ రోతగా ఉంది.

కిందటి శనివారం మా సూపర్‌వైజరు భీమశంకరరావుగారు నెల టిక్కెట్లు సరిచూస్తూ నన్ను పిలిచారు. ఆయనకి ఏదైనా తిరకాసు దొరికితే కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎక్కిస్తారు.

"ఏమమ్మా, ఇదేం విడ్డూరం? అడిగింది చిన్నతల్లిని. కాలు తీసుకుంది చిన్నతల్లి. దొరకంది కూడా చిన్నతల్లేనా? నువ్వు సీట్లో ఉండే లేవా?"

ఆయన తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ఇది పైకి వెళ్ళాలి, తప్పదు. మెమో ఇస్తున్నాను. డ్యూటీలో సొంత కాలు తీసుకోకూడదన్న రూలు ప్రకారం అలా రాశానని రెండు ముక్కలు రాసివ్వు. వచ్చే నెలాఖరుకి నీ ఉద్యోగం ఖాయం చెయ్యాలి. దీనికి అదేమీ అడ్డం రాదు. పైగా క్రమశిక్షణ గల పిల్ల అంటారు."

ఆ రెండు ముక్కలు శనివారం సాయంత్రమే రాసేశానమ్మా. నీకు ఏదీ దాచకూడదనుకున్నాను గనక ఇదీ చెబుతున్నాను. చక్కని దస్తూరీతో రాసి, మడిచి, సోమవారం ఇద్దామని పుస్తకంలో పెట్టుకున్నాను. సోమవారం బయలుదేరుతుండగా పోస్టుమాన్ నీ మూటా, టీచరుగారి చేత నువ్వు రాయించిన కార్డూ తెచ్చాడు.

మూటకి నీ సొంత నూలు గుడ్డ. అంచు నువ్వే కుట్టావు. కుట్లు ఎటు పడితే అటు పోయాయి. పోయిన ఏడు నువ్వు కుట్టిన అంచులో కుట్టు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చేది. లోపల శొంఠి, మిరియాలు, తాటిబెల్లం దంచి కట్టిన ఉండలు. కార్డు మీద టీచరుగారు నీ మాట నీ మాటగానే రాశారు: "నాతో మాటాడిన అమ్మ శానా మరేదస్తురాలు. నన్ను అండీ అంది. గాని 'నేరు' అనీముందు గుటకేసింది. గొంతు బాగునేదు గావాల. ఈ ఉండలు రోజుకొకటి సప్పరించమను. ఆ అమ్మ మీద నాకేటీ కోపం నేదని సెప్పు."

గుమ్మంలో నిలబడి చదివాను. మళ్ళీ చదివాను.

అమ్మా, నేను మూడో తరగతిలో పలక విరగ్గొట్టుకుని, పక్కింటి జగ్గమ్మ మేక తొక్కేసిందని నీతో చెప్పాను. నువ్వు వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్నావు. తలెత్తలేదు. "గుటకేసేవు. మల్లీ సెప్పు" అన్నావు. మళ్ళీ చెప్పాను. కొట్టలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లో అలాగే జరిగింది. బడి ఎగ్గొట్టి రేగుపళ్ళకి పోయినప్పుడు, అయ్య చుట్టలు దాచినప్పుడు. ప్రతిసారీ అదే మాట. నా మొహం నీకెప్పుడూ అక్కరలేదు. నేను ట్రైనింగులో నాలుక మార్చుకున్నాను గాని, ఆ గుటక మార్చుకోవాలని నాకు తట్టలేదు.

నీకు తెలుసు. పోస్టాఫీసులో ఆ గొట్టం పట్టుకున్నప్పుడే తెలుసు. తెలిసే ఆ "తల్లీ"తో నీ కళ్ళ సంగతి చెప్పావు. ఎవరికీ చెప్పని మాట పరాయి మనిషికి చెప్పేదానివి కావు. నేను తాడు లాగేశాక కూడా, నువ్వు పోస్టాఫీసులోని వాళ్ళ ముందు, "మా పిల్ల నేదంట" అనే అని ఉంటావు. నా పరువు కాపాడి ఇంటికి నడిచి వెళ్ళి ఉంటావు, కాళ్ళకింద ఏముందో కనబడకుండా.

ఇంతకాలమూ నీతో మాట్లాడలేదన్న సిగ్గే పెద్దదనుకున్నాను. నువ్వు మళ్ళీ చెప్పమని నాకు ఒక వీలు పంపించావని తెలిశాక, పుస్తకంలో మడిచి పెట్టిన ఆ కాగితం ఇవ్వలేననిపించింది. చింపేశాను.

అందుకని మళ్ళీ చెబుతున్నాను. ఆ మంగళవారం మూడు గంటలకి నేను సీట్లోనే ఉన్నాను. నీతో మాట్లాడింది నేనే. ముగ్గురిని పిలిచి నీ మాట వినిపించింది నేనే. నూలు వడికే మనిషి అని చెప్పింది నేనే. అందుకే టీచరుగారి నోట, ఇంకొకరి ఎదుట, నా మాట నువ్వు వినాలన్నాను. నీకు నేను చేసింది నాకూ జరగాలి.

సంజాయిషీలోనూ ఇదే రాస్తాను. రెండు వేళ్ళెత్తింది నేనని రాస్తాను. మిగతావాళ్ళ పేర్లు రాయను. నిన్న కన్యాకుమారికి ఉన్నదున్నట్టు చెప్పాను. తాడు వేలికి చుట్టుకుంది. "మీ అమ్మా? ముందే అనుంటే నేను నీ సీటు చూసుకునేదాన్ని కదే, పిచ్చిదానా! పక్కకెళ్ళి మాట్లాడుకునేదానివి" అంది. ఆ మాట చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. ఆ మధ్యాహ్నం పాతపట్నం నుంచి ఎవరో ముసలాయన అరుస్తూ కాలు చేశాడు. ఎవరూ వేళ్ళెత్తలేదు. "సెప్పండి బాబూ" అన్నాను. నాకు తెలియకుండానే వచ్చేసింది.

ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. పోతే మన ఇంటికి రావడానికి నాకు మొహం ఉందా అని నిన్ను అడగడం లేదు. అది తర్వాత. ఇప్పుడు నీ కళ్ళు ముఖ్యం. ఇవాళ పొద్దున్నే విజయనగరం వెళ్ళి కనుక్కుని వచ్చాను. కళ్ళ డాక్టర్లు పద్నాలుగో తేదీ శనివారం వస్తున్నారు. పొర కమ్మి ఉంటే తీసేస్తారట, చాలామందికి మళ్ళీ కనబడుతోందట. నీ పేరు రాయించాను. వెంట వచ్చేవారు ఎవరు అని అడిగారు. చిన్నతల్లి, కూతురు అని చెప్పాను. ఈసారి గుటక పడలేదు.

అయ్యకి నీ కళ్ళ సంగతి నువ్వే చెప్పు. ఇద్దరూ శుక్రవారం పాసింజరు బండికి రండి. నేను సెలవు పెట్టి విజయనగరం ప్లాట్‌ఫారం మీద ఉంటాను. నువ్వు నన్ను వెతుక్కోనక్కరలేదు. నేనే "అమ్మా" అని గట్టిగా పిలుస్తాను, ఎంతమంది ఉన్నా.

వస్తావో రావో పదో తేదీ మంగళవారం లోపల నాకు చేరేలా టీచరుగారి చేత ఒక్క కార్డు ముక్క రాయించు. కార్డు వేళకి అందదనుకుంటే పోస్టాఫీసుకి వెళ్ళి కాలు చెయ్యి. పదో తేదీ మూడు గంటలకి నేను సీట్లో ఉంటాను. చిన్నతల్లి కావాలని అడుగు. దొరుకుతుంది.

నీ కూతురు,
చిన్నతల్లి