మా అత్తగారు నకలు కారు

వాక్ శిక్షణ సంస్థ, సాఫ్ట్‌వేర్ పంపిణీ హక్కుల విభాగపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌ను అనుమతి లేకుండా మా ఇంటిల్లిపాదీ నకలు చేసినట్లు తాము పంపిన నోటీసుకు జవాబు, మరియు అభ్యర్థన.

నేను సైకిళ్లు బాగుచేసుకుని బతికేవాడిని. రాతలో తప్పులుంటే మన్నించగలరు.

1. మా అమ్మాయికి నత్తి. బడిలో హాజరు పిలిచినప్పుడు అది "ఉన్నాను టీచర్" అనేలోపు తర్వాతి పేరు పిలిచేస్తారు. అందువలన మొదటి బెంచీలో కూర్చుని కూడా పిల్ల గైర్హాజరుగా నమోదగుచున్నది. ఇలాగే సాగితే పరీక్షకు కూర్చోనివ్వబోమని హెచ్చరించియున్నారు.

2. నత్తికి తమ సంస్థ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ బహు దొడ్డది. తెర మీద దీపం వెలిగి ఆరుతుంది, తాళం వినిపిస్తుంది, ఒక ఆడగొంతు ఊపిరి తీసుకుని మెల్లగా చెప్పమంటుంది, సరిగా పలికితే గంట మోగుతుంది. మా ఇంటికి ఒక కాపీ ఇప్పించమని కోరగా, లైసెన్సు సంస్థలకే తప్ప వ్యక్తులకు ఇవ్వబడదని సెలవిచ్చారు. ప్రజల సొమ్ముతో చేసినదే కదా అంటే, అందుకే ప్రజలకు ఇవ్వడం కుదరదన్నారు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, అడిగినా పెట్టకపోతే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు.

3. తమ సంస్థలో వారానికోసారి మా అమ్మాయికి పాఠం చెప్పే శిక్షకురాలు, కాపీ చేయకూడదు గానీ పక్కన కూర్చుని చూడొచ్చు అన్నారు. వారం వారం అందరం వచ్చి చూశాం. చూడగా చూడగా మొత్తం నోటికి వచ్చేసింది. ప్రస్తుతం మా ఇంట్లో దీపం మా అత్తగారు. టార్చిలైటు వెలిగించి ఆర్పుతారు. మూత మీద గరిటెతో తాళం కూడా ఆవిడదే. ఆడగొంతు నా భార్య. ఆమె అంత మెత్తగా నాతో పెళ్లయిన నాటి నుంచి ఒక్కసారీ మాట్లాడి ఎరగదని ఈ సందర్భంగా మనవి. గంట నేను. సైకిల్ బెల్లు షాపులో ఉన్నదే.

4. నకళ్లన్నిటినీ తక్షణం తొలగించి ధ్రువీకరించవలెనని నోటీసులో ఉన్నది. మా అత్తగారిని తొలగించు విధానం తెలియజేయబడలేదు. ఆ ఆలోచన లోగడ ఇతర కారణాల వల్ల నాకు రాకపోలేదు గానీ, ఇప్పుడు ఆవిడ లేనిదే పాఠం నడవదు. నోటీసు విని ఆవిడ అన్నమాట: "నన్ను తయారుచేసింది మా అమ్మ. గవర్నమెంటు కాదు."

5. ఇరుగుపొరుగు పిల్లలు కూడా వస్తున్నారన్నది నిజమే. దాన్ని పంపిణీ అంటారని మాకు తెలియదు. తలుపు తీసి ఉంది, వచ్చారు. గుమ్మంలోకి వచ్చిన పిల్లను లైసెన్సు అడగడానికి నోరెలా వస్తుందయ్యా? నా కూతురు అద్దం ముందు నిలబడి "ఉన్నాను, ఉన్నాను" అని చెప్పుకుంటుంది. వింటే నాకు ఏడుపొస్తుంది. ఇది అర్జీలో రాయదగినది కాదని తెలిసీ కొట్టివేయలేదు.

కావున మా కుటుంబాన్ని ఒక సంస్థగా గుర్తించి లైసెన్సు ఇప్పించగలరు. కుదరనిచో మా అత్తగారు నకలు కారని లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. రెండోది వస్తే ఆవిడ ఫ్రేము కట్టించుకుంటారు. ఈ మొర ఆలకించి, పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సైకిళ్ల షాపు యజమాని
(నోటీసులో 'గంట'గా పేర్కొనబడిన వ్యక్తి)

తా.క.: నోటీసు తెచ్చిన తమ ఇన్‌స్పెక్టరు గారు దాన్ని గుమ్మంలో నిలబడి పైకి చదవబోయి, "అనధికార" దగ్గర ఆగిపోయారు. ఎంత పెనుగులాడినా మాట రాలేదు. నేను తల దించుకున్నాను. మా అమ్మాయి కుర్చీ తెచ్చి వేసి, "కూ... కూర్చుని చదవండి" అంది. అత్తగారు గరిటె అందుకున్నారు. ఆయన మా మీది నేరాలన్నీ తాళం ప్రకారం చివరిదాకా చదివారు. అలవాటు కొద్దీ నేను బెల్లు కొట్టాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆయనా వస్తున్నారు. ఈ సంగతి రాయనులెండి అంటే, రాయమని ఆయనే అన్నారు. ఈ అర్జీని తమకు చదివి వినిపించేది కూడా ఆయనేనట. ఎక్కడైనా ఆగితే మాట అందించకండి. వస్తుంది.