ఎడమవైపు గుండుసూది

బుధవారం రాత్రి, ఉయ్యూరు

పాత ఆది జాకెట్టు ఇక పనికిరాదని టైలరు సుజాత ఇవాళ కొత్తది నాకు తొడిగి చూసింది. వదులున్నచోట గుండుసూదులు పెడుతూ, ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అయ్యో, రక్తం వచ్చిందండీ! గుచ్చుకుంటే చెప్పరేంటండీ?"

నాకు తెలిస్తే కదా చెప్పడానికి! క్యాన్సరని ఎడమ రొమ్ము తీసేశాక, నా పొట్ట నుంచే చర్మం, కొవ్వు తీసి కొత్తది చేశారు. అక్కడ స్పర్శ సరిగా రాకపోవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. విని తలూపాను. అంతే.

చూడ్డానికి బాగానే ఉంది. తమ్ముడి కూతురి పెళ్లికి పట్టుచీర కట్టుకోవచ్చు. కానీ ఇంటికొచ్చినప్పటి నుంచి ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. కూర మాడబెట్టాను. "ఏమైందే?" అని ఈయన అడిగితే, "ఏంలేదండీ" అని కసిరాను.

ఆపరేషనైన దగ్గర్నుంచి ఈయన నన్ను ముట్టుకోవడం లేదని లోపల్లోపల కుమిలిపోతున్నాను. ఆ ఉక్రోషంతోనే రోజూ అటు తిరిగి, నిద్రపోయినట్టు కళ్లు మూసుకుంటాను.

ఎన్ని రాత్రులు ఈయన ఆ ఎడమవైపే చెయ్యి వేసి, నేను పలక్కపోతే మెల్లగా తీసేసుకున్నారో.